చర్చలకు బాట వేసినవారు

కొత్త ప్రభుత్వం వచ్చిందంటే మనకు కొత్త ఆశలు పుడతాయి. ధరలు తగ్గుతాయని, పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని, ఎండిన చెరువులోకి నీళ్లు వస్తాయని అనుకుంటాం. వాటిలో కొన్ని తీరుతాయి, కొన్ని తీరవు. కాని కొన్ని ప్రాంతాల్లో జనం కొత్త ప్రభుత్వాన్ని వీటన్నిటికంటే ముందు ఇంకొక కోరిక కోరారు. ఊరి పొలిమేరలో తుపాకి చప్పుడు ఆగాలన్నది ఆ కోరిక. రాత్రివేళ తలుపు తట్టింది పోలీసులో, అడవిలో ఉన్నవాళ్లో తెలియక వణికిన ఇళ్లవారి కోరిక అది. దాన్ని ప్రభుత్వం దాకా, అడవి దాకా మోసుకుపోయిన వారెవరు? వారి శ్రమకు దక్కిన ఫలం ఏమిటి? ఈ ప్రసంగంలో మీతో పంచుకోదలచిన విషయం ఇదే.

ముందుగా మనం ఉంటున్న బెంగుళూరు సంగతి చూద్దాం. 2025 జనవరి 8న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య నివాస కార్యాలయం 'కృష్ణా'లో ఆరుగురు మావోయిస్టులు ఆయన ఎదుట లొంగిపోయారు. వారిలో నలుగురు స్త్రీలు. అంతకు సుమారు యాభై రోజుల ముందు, 2024 నవంబరు 18న, ఉడిపి జిల్లా అడవిలో వారి నాయకుడు విక్రమ్ గౌడ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మిగిలినవారికీ అదే గతి అని అనుకుంటున్న రోజులవి. అలాంటప్పుడు ఆరుగురు ప్రాణాలతో బయటికి వచ్చారంటే, మధ్యలో ఎవరో నడిచారన్నమాట. 'శాంతిగాగి నాగరిక వేదికె' అనే పౌర సంఘం అటూ ఇటూ తిరిగి మాటలు చేరవేసింది.

ఈ బాట ఒక్క నెలలో పడింది కాదు. దీని మొదళ్లు వెతకాలంటే మనం తెలుగు గడ్డకు వెళ్లాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చరిత్రలో ఒక వరస కనిపిస్తుంది. 1989 చివర మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం రాగానే నక్సలైట్ల మీద ఆంక్షలు సడలాయి. సభలు జరిగాయి, పాటలు వినిపించాయి. 1992 మే వచ్చేసరికి పీపుల్స్ వార్ పార్టీ మీద నిషేధం పడింది. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1995లో నిషేధం తొలగింది, 1996లో తిరిగి వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా కొన్నాళ్లు తెరిపి, ఆ తర్వాత మళ్లీ కాల్పులు. ఈ తెరిపి పాలకుల మంచితనం మీద ఆధారపడింది కాబట్టి, ఆ మనసు మారగానే అదీ పోయింది.

ఈ వరసను మార్చాలని 1997లో హైదరాబాదులో కొందరు పెద్దలు కూడారు. వారి సంఘం పేరు పౌరస్పందన వేదిక. కన్వీనరు ఎస్.ఆర్.శంకరన్. తమిళనాడులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ కేడరులో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి, వెట్టిచాకిరి నిర్మూలన కోసం, దళిత గిరిజనుల కోసం పాటుపడిన మనిషి. పౌరహక్కుల న్యాయవాది కె.జి.కన్నబిరాన్, ఆచార్య జి.హరగోపాల్, పత్రికా సంపాదకులు పొత్తూరి వెంకటేశ్వరరావు ఆయనతో కలిసి నడిచారు.

శంకరన్ గారి గురించి మీకు ఒక విషయం చెప్పాలి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొందరు ఐ.ఎ.ఎస్. అధికారులను అపహరించారు. వారిలో శంకరన్ ఒకరు. జైల్లో ఉన్న తమవాళ్లను విడిపించుకున్న తర్వాతే వారిని వదిలారు. అలాంటి అనుభవం ఉన్నవాడు పగబట్టవచ్చు, లేదా మనకెందుకని ఊరుకోవచ్చు. ఆయన రెండూ చేయలేదు. పదేళ్ల తర్వాత, తనను పట్టుకుపోయినవారికీ తాను పనిచేసిన ప్రభుత్వానికీ మధ్య మాటలు నడపడానికి పూనుకున్నారు.

ఈ వేదిక పని తీరు గమనించదగ్గది. వారు ఏ ఒక్క పక్షం తరఫునా వకాల్తా పుచ్చుకోలేదు. ఉత్తర తెలంగాణ పల్లెలకు వెళ్లి, ఎన్‌కౌంటర్లలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులతో మాట్లాడారు. ఇన్‌ఫార్మర్ అనే అనుమానంతో నక్సలైట్లు చంపినవారి ఇళ్లకూ వెళ్లారు. పట్టుబడినవాణ్ణి కాల్చి చంపే హక్కు చట్టం మీకు ఇవ్వలేదని ప్రభుత్వానికి చెప్పారు. పేదల పేరు చెప్పి పేదవాణ్ణే చంపడం ఏ న్యాయమని పార్టీని అడిగారు. ఇద్దరికీ లేఖలు రాశారు. జవాబు రాకపోతే మళ్లీ రాశారు. ఎవరు ముందు మొదలుపెట్టారన్న తగువు జోలికి పోకుండా, ఇరుపక్షాల మధ్య నలిగిపోతున్న సామాన్యుడి బతుకును ముందుకు తెచ్చారు.

ఐదేళ్లకు, 2002లో, తెలుగుదేశం ప్రభుత్వ హయాంలో మొదటి ప్రయత్నం జరిగింది. పీపుల్స్ వార్ తరఫున వరవరరావు, గద్దర్ మంత్రులతో మాట్లాడారు. ఇటు మాటలు సాగుతుండగానే అటు ఎన్‌కౌంటర్లూ సాగాయి. ఆ ప్రయత్నం ఎటూ తేలకుండానే ఆగిపోయింది. 2003 అక్టోబరు 1న తిరుపతి దగ్గర అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మీద మందుపాతర దాడి జరిగింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఇక చర్చల మాట ఎత్తేవారు ఉండరని చాలామంది అనుకున్నారు.

కాని 2004 ఎన్నికల్లో చర్చలు జరుపుతామన్న మాట కాంగ్రెసు పార్టీ ఎన్నికల వాగ్దానాల్లో చేరింది. ఆ మాట దానంతట అది పుట్టలేదు. ఏడేళ్లుగా పౌరస్పందన వేదిక అంటున్న మాటే అది. మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. జూన్ నడుమ నుంచి కాల్పులు ఆగాయి. జులైలో నిషేధం గడువు ముగిస్తే ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబరు 11న నల్లమలలో, ప్రకాశం జిల్లా చిన్న ఆరుట్ల దగ్గర, రామకృష్ణ తదితర నాయకులు అడవి దాటి జనం మధ్యకు వచ్చారు. 15 నుంచి 18 వరకు నాలుగు రోజులు హైదరాబాదులో హోంమంత్రి కె.జానారెడ్డి నాయకత్వంలోని ప్రభుత్వ బృందం ఒక పక్క, మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులు ఒక పక్క కూర్చున్నారు. నడుమ మధ్యవర్తులుగా శంకరన్, కన్నబిరాన్, పొత్తూరి మొదలైనవారు.

ప్రధానంగా చర్చకు వచ్చినవి రెండు విషయాలు. ఒకటి ప్రజాస్వామిక హక్కులు, రెండోది భూమి. ఎంత భూమి ఎవరి చేతిలో ఉంది, చట్టాలుండి కూడా పేదలకు ఎందుకు అందలేదు అన్న ప్రశ్నలు ముఖాముఖి నడిచాయి. తెగనిది ఆయుధాల సంగతి. ఆయుధాలతో ఊళ్లలో తిరగకూడదని ప్రభుత్వం అంది. ఆయుధాలు తమ వ్యక్తిగత రక్షణ కోసమని, వదిలేది లేదని ఆ పక్షం అంది. రెండో విడత మాట్లాడుకుందామని లేచారు. ఆ రెండో విడత ఇక రాలేదు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు తిరిగి మొదలయ్యాయి. అదే నెలలో మావోయిస్టులు, జనశక్తి చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుడిని, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం మళ్లీ వచ్చింది.

అయితే ఇదంతా వృథా ప్రయాసేనా? ఈ పాఠం చెప్పినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. మీకూ అనిపించి ఉంటుంది. లెక్క ఇంకొక విధంగా వేసి చూడండి. ఆ ఏడు నెలల్లో చావులు బాగా తగ్గాయి. పల్లెవాళ్లు రాత్రిపూట నిద్రపోయారు. భూమి ప్రశ్న మీద ప్రభుత్వం కోనేరు రంగారావు అధ్యక్షతన కమిటీని వేసింది. ఆ కమిటీ 2006లో 104 సిఫారసులు చేసింది. చర్చలు చచ్చినా, చర్చల్లో లేచిన ప్రశ్న చావలేదన్నమాట. తప్పు ఎక్కడ జరిగిందంటే, కాల్పుల విరమణకు ఇద్దరూ ఒప్పుకొని సంతకం పెట్టిన నియమాలు లేవు. ఎవరు మీరారో తేల్చి చెప్పే తటస్థ సంఘం లేదు. అంతా మాట మీద నడిచింది. మాట తప్పినప్పుడు పట్టుకోవడానికి చేతిలో కాగితం లేదు.

ఇక ఆ నిప్పురవ్వ కర్ణాటకకు ఎలా పాకిందో చూద్దాం. మల్నాడులో 1987లో ప్రకటించిన కుద్రేముఖ జాతీయ ఉద్యానం వల్ల, తరతరాలుగా అడవిలో బతుకుతున్నవారికి ఇల్లూ వాకిలీ వదిలిపోవాలన్న భయం పట్టుకుంది. ఆ అశాంతిలో నక్సలైట్లు కాలు మోపారు. వారి నాయకుడు సాకేత్ రాజన్, కర్ణాటక చరిత్ర రాసిన చదువరి. 2004లో ఇక్కడ కూడా కొత్త ప్రభుత్వమే, ధరంసింగ్ ముఖ్యమంత్రి. బెంగుళూరు పత్రికా రచయిత్రి గౌరీ లంకేశ్ అడవికి వెళ్లి సాకేత్ రాజన్‌ను కలిసి వచ్చారు. చర్చలు జరపాలని కోరినవారిలో ఆమె ఒకరు. 2005 ఫిబ్రవరి మొదటి వారంలో చిక్కమగళూరు జిల్లాలో సాకేత్ రాజన్ పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

వారం తిరగకుండానే పగ తీర్చుకున్న చోటు ఏదో తెలుసా? తెలుగు మాట్లాడే పావగడ తాలూకా. ఫిబ్రవరి 10 రాత్రి వెంకటమ్మనహళ్లిలో పాఠశాల భవనంలో మకాం వేసిన రిజర్వు పోలీసుల మీద నక్సలైట్లు దాడి చేసి కాల్చి చంపారు. చనిపోయిన పోలీసులకు సాకేత్ రాజన్ ఎవరో కూడా తెలిసి ఉండకపోవచ్చు. పిల్లలు పలకలు పట్టుకు కూర్చునే గదుల్లో రక్తం చిందింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారెవరికైనా ఆ మాట గుండెల్లో గుచ్చుకుంటుంది. సాయుధ బలగాలు బడులనూ వసతిగృహాలనూ ఖాళీ చేయాలని 2011లో ఛత్తీస్‌గఢ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం విలువ తెలియాలంటే వెంకటమ్మనహళ్లిని తలచుకుంటే చాలు.

అంత జరిగినా, మధ్యన నిలిచినవారు వెనక్కి తగ్గలేదు. 2013లో సిద్ధరామయ్య ప్రభుత్వం వచ్చాక, నక్సలైట్లను హింసామార్గం నుంచి మళ్లించడానికి వేసిన కమిటీలో గౌరీ లంకేశ్‌కు చోటు దక్కింది. స్వాతంత్ర్య సమరయోధులు హెచ్.ఎస్.దొరెస్వామి, న్యాయవాది ఎ.కె.సుబ్బయ్య కూడా ఈ పనికి పూనుకున్నారు. వారి చొరవతో 2014 డిసెంబరులో సిరిమనె నాగరాజ్, నూర్ శ్రీధర్ బయటి జీవితంలోకి వచ్చారు. 2017 సెప్టెంబరు 5న గౌరిని బెంగుళూరులో ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. దొరెస్వామి 2021లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు. ఆ ఇద్దరూ లేరు. కాని 2014లో వారు చెయ్యి పట్టుకు తీసుకొచ్చిన నూర్ శ్రీధర్, 2025 జనవరి నాటికి మధ్యవర్తుల్లో ఒకరయ్యారు. అంటే, బాట దాటినవాడే వెనక వచ్చేవారికి బాట చూపించాడు.

ఈ చరిత్రలో ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త ప్రభుత్వం తలుపు తీయవచ్చు. కాని తలుపు తీసిన రోజున లోపలికి నడవడానికి మనుషులు సిద్ధంగా ఉండాలి. ఆ మనుషులు ఎన్నికల రోజున పుట్టరు. శంకరన్ బృందం ఏడేళ్లు లేఖలు రాయకపోతే 2004 లేదు. గౌరి, దొరెస్వామి వంటివారు నిందలు మోయకపోతే 2014 లేదు, ఆ పైన 2025 లేదు.

అందుకే కొత్త ప్రభుత్వాన్ని మనం ఏం అడగాలన్నది కూడా తేలికగానే తెలుస్తుంది. ఆయుధం కింద పెట్టేదాకా భూమి గురించి మాట్లాడమని అనవద్దు. భూమి, అడవి హక్కులు పేదవాడివి, తుపాకి పట్టినవాడివి కావు. 2006 అటవీ హక్కుల చట్టాన్ని అధికారులు గడప గడపకూ తీసుకుపోవాలి. ఒప్పందాలు కాగితం మీద ఉండాలి, వాటిని కాపలా కాసేవారు తటస్థులై ఉండాలి. పోలీసు కాల్పుల్లో ఎవరు చనిపోయినా స్వతంత్ర దర్యాప్తు జరగాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను పాటించాలి. బయటికి వచ్చినవారి మీది కేసులు త్వరగా తేల్చాలి; ఏళ్ల తరబడి జైల్లో మగ్గిపోతే తర్వాతివాడు ఏ ధైర్యంతో వస్తాడు?

2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు చనిపోయారు. ఇక ఆ ఉద్యమం పని అయిపోయిందని చాలామంది అంటున్నారు. తుపాకి చప్పుడు ఆగడం మంచిదే. కాని చప్పుడు ఆగినంత మాత్రాన శాంతి వచ్చినట్టు కాదని శంకరన్ వంటివారు బతికినంతకాలం చెప్పారు. భూమి లేనివాడికి భూమి, తప్పు చేసినవాడికి చట్టప్రకారం శిక్ష, చేయనివాడికి భయంలేని నిద్ర దక్కినప్పుడే అది శాంతి. ఆ శాంతి ఏ ప్రభుత్వమూ దానంతటది ఇచ్చేది కాదు, మనం అడిగి ఇప్పించుకోవాల్సింది. మీ ఊళ్లో, మీ పేటలో రెండు వర్గాలు పంతాలకు పోయిన రోజున, ఎవరి పక్షమూ చేరకుండా ఇద్దరి ఇంటికీ వెళ్లి మాట్లాడగల మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఉంటే వారిని కాపాడుకోండి. లేకపోతే ఆ మనిషి మీరే కావచ్చునేమో, ఒక్కసారి ఆలోచించండి.