ఐటీ పడమటికి పోయింది, మనం ఉత్తరాన మిగిలాం

హైదరాబాద్ ఐటీ చరిత్రను అందరూ మాదాపూర్ నుంచి మొదలుపెడతారు. మేము ఉత్తరం దిక్కు నుంచి, మేడ్చల్, శామీర్‌పేట తండాల వైపు నుంచి చెప్పదలచాం.

ఈ నగరంలో కంప్యూటర్ మాదాపూర్‌లో పుట్టలేదు. 1967లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడ ఈసీఐఎల్‌ను నెలకొల్పింది. 1969లో ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారు చేసింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న చోటు ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. అది ప్రభుత్వరంగ సంస్థ, నియామకాల్లో రిజర్వేషన్ ఉంది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలకు ఎస్టీ గుర్తింపు వచ్చాక అలాంటి కొలువుల తలుపు మనకూ తెరుచుకుంది.

1991 తర్వాత దేశం దారి మారింది. ప్రభుత్వరంగం తగ్గింది, ప్రైవేటు సాఫ్ట్‌వేర్ పెరిగింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఒక కంపెనీ ఉన్న చోటికే రెండోది వస్తుంది. పని తెలిసిన మనుషులు, ఇంటర్నెట్ లైన్లు, రోడ్లు, కిరాయి ఇళ్లు అన్నీ అక్కడే దొరుకుతాయి గనుక. దేశంలో బెంగళూరు ముందుకు పోయింది ఇట్లాగే. రాష్ట్రంలో హైదరాబాద్, హైదరాబాద్‌లో పడమర కూడా ఇట్లాగే. 2019లో మెట్రో హైటెక్ సిటీ దాకా పోయింది, మేడ్చల్ దాకా రాలేదు.

ఉత్తరానికి ఏమీ రాలేదని అనలేం. శామీర్‌పేట దిక్కు నల్సార్, జినోమ్ వ్యాలీ, బిట్స్ పిలానీ వచ్చాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మన పక్క నుంచే పోతుంది. దానితోపాటు భూముల ధరలూ పెరిగాయి. భూమి ఉన్నవాడికి అది లాభం, కూలికి పోయేవాడికి అది ఇంటి జాగ కూడా దొరకని కష్టం. ఐటీని అన్ని దిక్కులకూ పంచాలని ప్రభుత్వం 2020లో గ్రిడ్ విధానం తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో మేడ్చల్ దగ్గర కండ్లకోయలో గేట్‌వే ఐటీ పార్కుకు శంకుస్థాపన జరిగింది.

అయితే పార్కు దగ్గరికి వస్తే కొలువు దగ్గరికి వచ్చినట్టేనా? అదే 2022లో రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. కానీ ఆ శాతం ప్రైవేటు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతుంది. మన వాటా పెరిగింది ప్రభుత్వ కొలువుల్లో, కొలువులు పెరుగుతున్నది ప్రైవేటులో. దూరం కిలోమీటర్లలోనే కాదు, చట్టంలోనూ ఉంది.

మన పూర్వికులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊళ్లను కలిపారు. రైలు వచ్చి ఆ బతుకుదెరువును తీసుకుపోయింది. ఆ రోజు మనల్ని అడిగినవారు లేరు, అడిగే చదువు మనకు లేదు. ఇప్పుడు చదువు ఉంది. ఉపాధ్యాయులు తండా పిల్లలకు ఆరో తరగతి నుంచే కంప్యూటర్ ముందు కూర్చునే అవకాశం ఇవ్వాలి, ఇంగ్లీషు భయం పోగొట్టాలి. యువకులు ఒక ప్రశ్న వదలకుండా అడగాలి: ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ తీసుకున్న ఐటీ పార్కులో ఆ పక్క తండా బిడ్డలకు ఎన్ని కొలువులు? కాపలా కొలువులు, ఊడ్చే కొలువులు కాదు, కంప్యూటర్ ముందు కూర్చునే కొలువులు ఎన్ని?