విజ్ఞానసర్వస్వమునకు గడువు

బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసినది. మూడేండ్లలో అంత పని యెట్లు జరిగెనని ఆశ్చర్యపడువారు కలరు. నది వెడల్పు కొలువవచ్చును, రాయి లెక్కింపవచ్చును, కూలీలను హెచ్చింపవచ్చును. ధవళేశ్వరమున గోదావరిని కట్టిన అనుభవమును అప్పటికే కలదు.

కొలతకు లొంగని పనులు వేఱు. పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు అకారాదిక్రమమున 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను వెలువరింప పూనుకొనిరి. పట్టిక వ్రాసికొనుట కష్టము కాదు. 'అష్టాధ్యాయి' అనునది పట్టికలో ఒక్క పంక్తి. దానిని వ్యాకరణ మెఱుగనివానికి బోధింపబూనిన, సూత్రమన నేమి, వృత్తియన నేమి, పాణిని కాలమేది అని ఒక్కొక్కటియు వేఱొక వ్యాసమును కోరును. పదార్థవిజ్ఞానాది శాస్త్రములకైతే వ్యాసమునకు ముందు పరిభాషనే కల్పింపవలెను. పని సాగినకొలదియు పని పెరిగినది. మూడు సంపుటములు వెలువడియు తొలి అక్షరములు దాటకుండగనే, 1923లో పంతులుగారు స్వర్గస్థులైరి. పిదప మన గుడివాడకు చేరువనున్న ఎలకుఱ్ఱున పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని చేపట్టిరి. చేత పత్రికయు గ్రంథమాలయు ఉన్నను, అది ముగియకమునుపే 1938లో ఆయనయు గతించిరి.

ఇంగ్లీషువా రిందు మనకన్న ఘనులని తలపవలదు. ఆక్స్‌ఫర్డు నిఘంటువును పదేండ్లలో ముగించుటకు 1879లో జేమ్సు మర్రే ఒడంబడిక చేసికొనెను. ఐదేండ్లకు వెలువడిన మొదటి భాగము 'యాంట్', అనగా చీమ, అను మాటకడ నిలిచెను! మర్రే 1915లో మరణించెను. నిఘంటువు 1928లో ముగిసెను. గడువు కట్టుటకు ఆ ఒడంబడికకన్న ఆ చీమయే మేలైన ఆధారమని నా తలంపు. చేసినంత పనికి పట్టిన కాలమును బట్టియే మిగిలినదానిని ఊహింపవలెను.

నేడు మన పల్లెల బిడ్డలు హైదరాబాదునను అమెరికాలోను చేయు సాఫ్ట్‌వేర్ పనియు ఈ జాతిదే. ఐ.బి.యం. సంస్థలో అట్టి మహాకార్యమును నడపిన ఫ్రెడెరిక్ బ్రూక్స్, ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినచో మఱింత ఆలస్యమగునని 1975లో ఒక గ్రంథమున వ్రాసెను. వరికోతకు కూలీలను పెంచిన చేను త్వరగా తెగును. క్రొత్త పండితుడు వచ్చిననో, పాత పండితుడు తన పని మాని అతనికి నేర్పుచు కూర్చుండవలెను గదా!

మన సర్వస్వము సంగతికి వత్తము. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి అకారాదిక్రమమును విడిచి, విషయమును బట్టి వేర్వేఱు సంపుటములుగా విజ్ఞానసర్వస్వమును ప్రకటించినది. ఒక సంపుటము ముగిసిన అంతవఱకు ముగిసినట్లే. తక్కినవి ఎప్పుడు వచ్చినను, చరిత్ర కావలసినవానికి చరిత్ర సంపుటము అందినది.