ఏ రోజు జ్వరం, ఏ ఊరి జ్వరం

సోమవారం పొద్దున మియాపూర్‌లో నా క్లినిక్ తలుపు తీసేసరికి మెట్ల మీద బ్యాగులు పెట్టుకుని ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. రాత్రంతా ట్రావెల్స్ బస్సులో కూర్చుని, ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ దిగి, హాస్టల్‌కు కూడా పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చినవాళ్ళు. కిందటి వర్షాకాలం అలా వచ్చిన ఒక కుర్రాడు ఫైలు నా బల్ల మీద పెట్టి, "మేడమ్, నాకు టైఫాయిడ్" అన్నాడు. జ్వరం అనలేదు. ఊళ్ళో వైడాల్ పరీక్ష చేయించారట, పాజిటివ్ అని చెప్పి రెండు సెలైన్లు ఎక్కించి పంపారట. అప్పటికి జ్వరం మూడో రోజు.

కాగితం పక్కన పెట్టి నా ప్రశ్నలు మొదలుపెట్టాను. జ్వరం మొదలైంది పగలా, రాత్రా? చలితో వణుకు వచ్చిందా? కంటిగుడ్డు కదిపితే నొప్పా? ఊళ్ళో పొలం గట్ల మీద తిరిగావా? హాస్టల్ గదిలో ఇంకెవరికైనా ఉందా? అన్నీ అడిగాక, "చొక్కా విప్పు బాబూ" అన్నాను. ఆ చివరి మాట నాకు ఎవరూ నేర్పలేదు, ఒక తప్పు నేర్పింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసర్ రోగి మంచం పక్కన నిలబెట్టి, "నీ డయాగ్నోసిస్ సరేనమ్మా, డిఫరెన్షియల్స్ చెప్పు" అనేవారు. మొదటి పేరు ఎవరైనా చెబుతారు. రెండోదీ మూడోదీ ఏమిటి, అవి ఎందుకు కావు, ఏది తేలితే నీ మొదటి పేరు కొట్టేస్తావు, ఇదీ ఆయనకు కావలసింది. జ్వరం కేసయితే ఎర్ర పెన్సిలుతో గీత గీయించేవారు. టైఫాయిడ్ గీత రోజుకో మెట్టు చొప్పున పైకెక్కుతుంది. మలేరియా గీత తాటిచెట్టులా నిలువునా లేచి అంతే నిలువునా పడుతుంది. ఒక్కోసారి డెంగీ గీత గుర్రపు జీనులా మధ్యలో దిగి మళ్ళీ లేస్తుంది. జర్మనీలో వుండర్లిష్ అనే వైద్యుడు వేలమంది రోగుల ఒంటివేడి కొలిచి, జబ్బుకో గీత ఉంటుందని 1868లో పుస్తకం వేశాడు. అంతకు రెండేళ్ళ ముందే ఇంగ్లండులో ఆల్‌బట్ ఆరంగుళాల థర్మామీటరు చేయించాడు. అంతకుముందున్నవి దాదాపు అడుగు పొడవుండేవి, లెక్క తేలడానికి ఇరవై నిమిషాలు పట్టేది.

మా నాయనమ్మకు ఆ గీతలు తెలియవు గాని రోజుల లెక్క బాగా తెలుసు. దినం విడిచి దినం వచ్చే జ్వరం, నాలుగో రోజుకు తిరిగొచ్చే జ్వరం, మన్యానికి వెళ్ళొచ్చినవాళ్ళకు పట్టుకునే జ్వరం, ఇలా వేరువేరుగా చెప్పేది. మన ఆయుర్వేదం కూడా విషమజ్వరాన్ని అయిదుగా విడదీసింది: సంతతం, సతతం, అన్యేద్యుష్కం, తృతీయకం, చాతుర్థికం. ఈ చివరి రెండూ ఇవాళ మేం మలేరియాలో చూసే 48 గంటల, 72 గంటల వంతులతో సరిపోతాయి. సూక్ష్మదర్శిని లేని కాలంలో, కేవలం మంచం పక్కన కూర్చుని లెక్కపెట్టి అంత దూరం వచ్చారంటే ఆ వైద్యులకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తెగని జ్వరాలు మాత్రం అన్నీ సన్నిపాతం అనే ఒక్క గంపలో పడేవి. మా ఇంట్లో అలాంటి జ్వరానికి లంఖణం, ఆ తర్వాత బ్రెడ్డూ పాలూ. జ్వరమొస్తే తప్ప మా ఊళ్ళో ఎవరింటికీ బ్రెడ్డు వచ్చేది కాదు.

అలాంటి గంప ఐరోపాలోనూ ఉండేది. టైఫస్, టైఫాయిడ్ రెండూ ఒకటేననుకునేవారు. టైఫాయిడ్ అంటేనే టైఫస్ లాంటిది అని అర్థం. ఆ పేరు 1829లో పారిస్‌లో లూయీ పెట్టాడు. రెండింటినీ విడదీసే పని 1837లో ఫిలడెల్ఫియాలో గెర్‌హార్డ్ చేశాడు, 1850 ప్రాంతంలో లండన్‌లో విలియం జెన్నర్ గట్టిపరిచాడు. చనిపోయినవాళ్ళ పేగులు తెరిచి చూశారు, పుళ్ళున్నది టైఫాయిడ్, లేనిది టైఫస్. ఒక్క జబ్బని నమ్మినంత కాలం ఒకటి కలుషితమైన నీళ్ళతో, ఇంకొకటి పేలతో వస్తుందని తెలుసుకునే దారే లేకపోయింది. పేరు విడిపోయాకే కారణం దొరికింది. ఈ క్రమమే నాకు మన హైదరాబాదులోనూ కనిపిస్తుంది.

హైదరాబాదులో వైద్య పాఠశాల 1846లో మొదలైంది, పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. 1890ల్లో దాని పెద్ద ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫారం మీద పరీక్షలు జరిపించిన హైదరాబాదు కమిషన్లతో దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. ఫ్రెంచి సైనిక వైద్యుడు లవెరాన్ 1880లో అల్జీరియాలో మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడన్నా లారీ మాత్రం ఒప్పుకోలేదు. తర్వాత సికింద్రాబాదు దండులో వైద్యుడిగా పనిచేసిన రోనాల్డ్ రాస్ కూడా మొదట నమ్మలేదు. ఈ జ్వరాలకు మూలం పేగుల్లోని విషమని వాదించినవాడే. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆయనను కూర్చోబెట్టి, చుక్క రక్తంలో ఆ జీవిని కళ్ళారా చూపించాడు. రాస్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. నేను రాస్‌ను గౌరవించేది నోబెల్ కంటే ఎక్కువగా ఇందుకే.

తర్వాత రెండేళ్ళకు పైగా ఆయన దోమలు కోస్తూనే ఉన్నాడు. బూడిదరంగు దోమలు, ఒంటిమీద చారలున్న దోమలు, వందలకొద్దీ కోసినా ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టులో బేగంపేటలో మచ్చల రెక్కల దోమలు చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించుకోమని, దోమకొక అణా చొప్పున ఇచ్చాడు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు, చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా గుట్టు దోమ కడుపులో ఉందని ఆ రోజు తేలింది.

ఆయన పక్కన పెట్టేసిన ఆ చారల దోమే నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. దానిలో మలేరియా లేదని కొట్టేశాడు, అది నిజమే. కాని నూరేళ్ళ తర్వాత మియాపూర్ అపార్టుమెంట్లలో పట్టపగలు కుట్టి డెంగీ అంటించేది ఆ చారల జాతే. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారితే రాస్ పనిచేసిన చోటికి వెళ్ళి రావచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం వచ్చింది. డీడీటీ కొట్టి, ఇంటి గోడ మీద తేదీ రాసి వెళ్ళే మలేరియా వర్కర్లు నా చిన్నప్పుడు బాగా గుర్తు. మలేరియా పోయిందనుకున్నారు, కాని 1976లో దేశంలో 64 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆ రోజుల్లో ఏ జ్వరానికైనా ముందు క్లోరోక్విన్ వేసేవారు. జ్వరం ముదిరితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి. 1915లో క్వారంటీన్ ఆసుపత్రిగా పుట్టింది కాబట్టి నగరవాసులు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. ఇవాళ దానికి రాస్ పేరే ఉంది.

ఇక టైఫాయిడ్‌కు మందు దొరికిన 1948. అమెరికా వైద్యులు స్మేడెల్, వుడ్‌వర్డ్, మరికొందరు క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందును, పొదల్లోని పురుగు పిల్ల కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ మీద పరీక్షించడానికి కౌలాలంపూర్ వెళ్ళారు. మందు పనిచేసింది. స్క్రబ్ టైఫస్ అనుకుని మందిచ్చినవాళ్ళలో కొందరి రక్తపు కల్చర్‌లో మాత్రం టైఫాయిడ్ బాసిల్లస్ పెరిగింది. వాళ్ళకూ జ్వరం దిగింది! పదిమందిలో ఒకరినో ఇద్దరినో తీసుకుపోయే టైఫాయిడ్‌కు మొదటి మందు అలా, పొరబాటున పెట్టిన పేరు వెనక దొరికింది. అదే ఏడాది లెడర్లీ కంపెనీలో మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడుపుతుండగా ఆరియోమైసిన్ వచ్చింది. ఇవాళ స్క్రబ్ టైఫస్‌కు మేం ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

ఆ క్లోరాంఫెనికాల్ మాకు మేలూ చేసింది, కీడూ చేసింది. టైఫాయిడ్‌కూ స్క్రబ్ టైఫస్‌కూ రెండింటికీ పనిచేస్తుంది కాబట్టి ఏది ఏదో తేల్చాల్సిన అవసరం పోయింది. ఎన్ని స్క్రబ్ టైఫస్‌లు టైఫాయిడ్ అనే పేరుతోనే నయమై ఇంటికి వెళ్ళాయో! తర్వాత టైఫాయిడ్ ఆ మందుకు లొంగకపోవడంతో సిప్రోఫ్లాక్సాసిన్‌కు, ఆ తర్వాత సెఫ్ట్రియాక్సోన్‌కు మారాం. సెఫ్ట్రియాక్సోన్ స్క్రబ్ టైఫస్‌ను ఏమీ చేయలేదు. జెన్నర్ విడదీసినట్టే మళ్ళీ ఎవరో ఒకరు విడదీయాల్సిన రోజొచ్చింది. మాలో చాలామంది దానికి సిద్ధంగా లేరు. వాళ్ళలో నేనొకదాన్ని.

2013 నవంబరులో చిత్తూరు జిల్లా నుంచి సెలవు ముగించుకుని వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు జ్వరంతో నా దగ్గరికి వచ్చాడు. ఆరో రోజు, నాలుక మీద తెల్లటి పూత, కొంచెం పెద్దదైన ప్లీహం. టైఫాయిడ్ అని రాసి సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టాను. నాలుగు రోజులైనా వేడి 103 దగ్గరే ఉంది, దగ్గు మొదలైంది, ఆయాసం వచ్చింది. కల్చర్ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఊరి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. కొడుక్కి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి నా గదికి వచ్చి, "అమ్మా, వీడి చంకలో నల్లగా పొక్కు కట్టింది, చూసినారా?" అని అడిగింది. చూడలేదు. నాలుగు రోజులు స్టెతస్కోపు చొక్కా మీదే పెట్టాను. వెళ్ళి చూస్తే సిగరెట్‌తో కాల్చినట్టు, చుట్టూ ఎర్రగా, మధ్యలో నల్లటి చెక్కు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని ఎర్రటి పురుగు పిల్ల కుట్టిన చోటు అది. ఇన్ని టెస్టులున్నా స్క్రబ్ టైఫస్‌ను అంత సూటిగా చెప్పే గుర్తు ఇంకోటి లేదు. అది కనబడని రోగులూ ఉంటారు, నా రోగికి ఉంది. ఆ సాయంత్రమే డాక్సీసైక్లిన్ ఇచ్చాను. రెండు రోజుల్లో జ్వరం దిగిపోయింది. వాళ్ళమ్మ నాకు దణ్ణం పెట్టబోతే ఆపాను. దణ్ణం పెట్టాల్సింది నేను.

అప్పటి నుంచి ప్రిస్క్రిప్షన్ మీద ఒక మూలన పెన్సిలుతో మూడు పేర్లు రాస్తాను. పెన్సిలుతో ఎందుకంటే కొట్టేయడానికి. మియాపూర్‌లో ఆ మూడు పేర్లూ రోగి ఎవరనేదాన్ని బట్టి మారతాయి. కడుతున్న టవర్ల దగ్గర పనిచేసే ఒడిశా, జార్ఖండ్ కూలీ అయితే మలేరియా పైకొస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఊళ్ళలో అది ఇంకా ఉంది. శ్లాబుకు నీళ్ళు కట్టిన చోట, లిఫ్టు గుంతల్లో, డ్రమ్ముల్లో చారల దోమ పుడుతుంది, కాబట్టి పక్కనున్న అపార్టుమెంటువాళ్ళకు డెంగీ. వర్షానికి గురునాథం చెరువు వైపు మురుగునీళ్ళలో దిగి నడిచినవాళ్ళలో లెప్టోస్పైరోసిస్ మరచిపోకూడదు. ట్యాంకరు నీళ్ళు, మెస్సు భోజనం అంటే నిజమైన టైఫాయిడ్ కూడా ఉంటుంది. ఇదంతా ఒక్క కిలోమీటరు లోపల.

ఆ కుర్రాడికి ఊళ్ళో చేసిన వైడాల్ పరీక్షను పారిస్‌లో ఫెర్డినాండ్ వైడాల్ 1896లో కనిపెట్టాడు. రాస్ దోమకంటే ఏడాది పాతది. రక్తంలో ప్రతిదేహాలు పెరగడానికి వారం పైన పడుతుంది, పైగా మన ఊళ్ళలో ఎప్పుడో తగిలిన టైఫాయిడ్, వేరే జ్వరాలు కూడా దాన్ని పాజిటివ్ చేస్తాయి. మూడో రోజు చేసిన ఒక్క వైడాల్‌ను పట్టుకుని రోగికి పేరు పెట్టకూడదు. మొదటి వారంలో టైఫాయిడ్‌ను తేల్చేది రక్తపు కల్చరే, అదీ యాంటీబయాటిక్ పడకముందు తీస్తే.

ఆ సోమవారం కుర్రాడి ఒంటిమీద పొక్కు లేదు. ముఖం, ఛాతీ ఎర్రబారి ఉన్నాయి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడ్డాయి. కళ్ళు కదిపితే నొప్పి. పక్క గదిలో ఇద్దరికి జ్వరం. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ అని రాసి, డెంగీని తేల్చే ఎన్‌ఎస్1, మలేరియా స్మియర్, కల్చర్ మూడింటికీ రక్తం తీయించాను. సాయంత్రం ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది, స్మియర్‌లో ఏమీ లేదు. పారాసెటమాల్, నీళ్ళు, మజ్జిగ, నొప్పి ఇంజెక్షన్ మాత్రం ఎవరిచ్చినా వేయించుకోవద్దు అని చెప్పాను. "జ్వరం తగ్గిన రోజు తప్పకుండా రావాలి, ఆ రోజే నాకు భయం" అన్నాను. వింతగా చూశాడు.

గురువారం పొద్దున ఫోన్ చేసి, జ్వరం పోయింది మేడమ్, ఆఫీసుకు వెళ్తున్నా అన్నాడు. ముందు ఇక్కడికి రమ్మన్నాను. పది గంటలకు వచ్చాడు, కడుపులో నొప్పిగా ఉందన్నాడు, చేతులు చల్లగా ఉన్నాయి. మంచం మీద పడుకోబెట్టి బీపీ పట్టీ కట్టాను.