వారాల నుంచి సంవత్సరాలకు: మేడారం జాతర లెక్క

వారాలను సంవత్సరాలుగా మార్చాలంటే వాటి సంఖ్యను ఏడాదిలోని వారాలతో భాగించాలి. వాడుకలో 52తో భాగిస్తారు. కానీ 52 వారాలంటే 364 రోజులే. మామూలు ఏడాదిలో ఒక రోజు, లీపు ఏడాదిలో రెండు రోజులు మిగిలిపోతాయి. గ్రెగోరియన్ క్యాలెండర్‌లో సగటు సంవత్సరం 365.2425 రోజులు, అంటే 52.1775 వారాలు. 400 ఏళ్లకు సరిగ్గా 20,871 వారాలు వస్తాయి, ఒక్క రోజూ మిగలదు.

తిథిని బట్టి నడిచే పండుగల దగ్గర ఈ భాగహారం చాలదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో, ఇప్పటి ములుగు జిల్లాలో ఉన్న మేడారమే దీనికి మంచి ఉదాహరణ. దేవతలైన సమ్మక్క-సారలమ్మల జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దరిదాపుల్లో జరుగుతుంది. తొలిరోజు బుధవారం. ఆ రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, మర్నాడు చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెల (పూజా వేదికల) మీదికి వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. ముందస్తు పూజలైన గుడిమెలిగె రెండు వారాల ముందు, మండమెలిగె ఒక వారం ముందు జరుగుతాయి, అవీ బుధవారాలే.

అందువల్ల జాతరకూ జాతరకూ మధ్య ఎడం పూర్తి వారాల్లోనే ఉంటుంది. కానీ అది ప్రతిసారీ ఒకటే కాదు. 2014 ఫిబ్రవరి 12న మొదలైన జాతర నుంచి 2016 ఫిబ్రవరి 17 నాటి జాతరకు 105 వారాలు. అక్కడి నుంచి 2018 జనవరి 31కి 102 మాత్రమే. ఆపైన 2020 ఫిబ్రవరి 5కి 105, 2022 ఫిబ్రవరి 16కి 106, 2024 ఫిబ్రవరి 21కి 105, 2026 జనవరి 28కి 101.

ఈ హెచ్చుతగ్గులకు మూలం పంచాంగంలో అప్పుడప్పుడు అదనంగా వచ్చే అధికమాసం. చాంద్రమాసం సగటున 29.53 రోజులు. 24 మాసాలైతే 101 వారాలకు కాస్త ఎక్కువ, 25 అయితే దాదాపు 105న్నర. 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం అధికమాసాలుగా వచ్చాయి. 102, 101 వారాలకే జాతర తిరిగొచ్చిన ఆ రెండు విడతల్లో అధికమాసం లేదు. పంచాంగం చేసే ఈ సర్దుబాటు వల్లే జాతర మాఘాన్ని విడిచి పోదు.

2014 నుంచి 2026 దాకా మొత్తం 624 వారాలు. 52తో భాగిస్తే సరిగ్గా 12 వస్తుంది. లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది గానీ, క్యాలెండర్‌లో పన్నెండేళ్లకు ఇంకా 15 రోజులు తక్కువ. 52.1775తో భాగిస్తే వచ్చే 11.96 సంవత్సరాలే నిజానికి దగ్గర.

పాత కాలానికి వెళ్తే భాజకం మారుతుంది. పాత తేదీలను లెక్కించే జూలియన్ క్యాలెండర్‌లో సంవత్సరం 365.25 రోజులు, అంటే సుమారు 52.1786 వారాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని కాకతీయ రుద్రదేవుడి శాసనంలో శక సంవత్సరం 1084, చిత్రభాను నామ సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి అన్న వివరాలతో పాటు వారం పేరు కూడా చెక్కి ఉంది. ఆ తిథిని జూలియన్ క్యాలెండర్‌లోకి మారిస్తే 1163 జనవరి 19 అవుతుంది. వెనక్కి లెక్కిస్తే అది శనివారం, శాసనం చెప్పే వారమూ అదే.