రిపేరు బల్ల మీద పుట్టిన స్వరాలు

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద కనిపించే చిన్న పెట్టె పేరు పికప్. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ కొన్ని వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ ఉంటాయి. పైన ఉక్కు తీగ మీటితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది, మిగతా పని ఆంప్లిఫయర్‌ది. గిటార్ వాయించే ఏ కుర్రాణ్ని కదిపినా ఇవాళ ‘పికప్‌లు మార్పించాను’ అని మామూలుగా చెబుతాడు. 1970కి ముందు అలా చెప్పగలిగినవాళ్లు బహు తక్కువ. విడిగా అమ్మే డీఆర్మండ్ పికప్‌లు 1930ల నుంచీ ఉన్నమాట నిజమే గానీ, అవి అసలు పికప్పే లేని గిటార్లకు తగిలించుకోడానికి. ఉన్నదాన్ని పీకేసి అంతకన్నా నచ్చినదాన్ని పెట్టుకోవడం వేరే సంగతి. ఆ వ్యాపారం పెద్ద కంపెనీల ప్రయోగశాలల్లో పుట్టలేదు, రిపేరు బల్లల మీద పుట్టింది. దానికి దారి వేసింది మాత్రం ఒక పెద్ద ఫ్యాక్టరీలో జరిగిన లెక్కతప్పు అని నా గట్టి నమ్మకం.

ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌కు పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. గిటార్ తీగ కదలికతో పాటు చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, వైర్లు చేసే గుయ్యిని కూడా అది పట్టేస్తుంది. కరెంటు అమెరికాలో సెకనుకు 60 సార్లు, మన దగ్గర 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కదా, ఆ ఊపే స్పీకర్లో వినిపిస్తుంది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఒక చుట్టకు బదులు రెండు పక్కపక్కన పెట్టి, రెండోదాని చుట్టే దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ తిరగేశాడు. బయటి నుంచి వచ్చే గుయ్యికి అయస్కాంతంతో పని లేదు కాబట్టి అది రెండు చుట్టల్లో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ స్వరానికి చుట్టే దిశా, ధ్రువమూ రెండూ తిరగబడతాయి కాబట్టి అది కలిసి రెట్టింపవుతుంది. ఇంత చిన్న కిటుకులో ఇంత అందం ఉండటం నాకు ఎప్పుడూ అబ్బురమే. గుయ్యిని చంపేది కాబట్టి దీనికి హంబకర్ అని పేరొచ్చింది.

1955 జూన్ 22న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. చేతికొచ్చింది 1959 జూలై 28న. ఈలోగా 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో వాటిని బిగించి, అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని చీటీ అతికించారు. అందుకే ఆ కాలపు పికప్‌లకు ‘పీఏఎఫ్’ అన్న పేరు స్థిరపడింది. తర్వాత వేసిన చీటీల మీద ఉన్న పేటెంటు నంబరు పికప్‌ది కానే కాదు, లెస్ పాల్ తీగలను బిగించే టెయిల్‌పీస్ భాగానికి తీసుకున్న పేటెంటుది.

ఒక్కో చుట్టకు ఐదు వేల చుట్లు వేయాలన్నది లవర్ లెక్క. కానీ ఆ రోజుల్లో గిబ్సన్ చుట్టే యంత్రాలు లెక్క చూసుకుని వాటంతటవే ఆగేవి కావు. ఒకదానికి కొన్ని వందలు ఎక్కువ, మరోదానికి తక్కువ పడేవి. అయస్కాంతాలూ అంతే, అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఆల్నికోలో ఏ రకం చేతికందితే అది పెట్టేశారు. ఒకే పికప్‌లో రెండు చుట్టలు సమానంగా లేకపోతే గుయ్యి పూర్తిగా చావదు గానీ, పై స్థాయి మెరుపు కూడా కొంత చావకుండా మిగులుతుంది. ఫలితంగా ఏ రెండు పీఏఎఫ్‌లూ ఒక్కలా పలకలేదు. కొన్ని సాదాగా ఉంటే, కొన్ని మనిషి గొంతులా పలికాయి.

1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులో పాత లెస్ పాల్‌ను మార్షల్ ఆంప్లిఫయర్‌కు కలిపి గట్టిగా వాయించాడు. ఆ స్వరం విన్నవాళ్లంతా పాత గిటార్ల వేటలో పడ్డారు. కొనలేనివాళ్లు తమ గిటార్ అలా ఎందుకు పలకడం లేదని విప్పి చూశారు. రెండు పీఏఎఫ్‌ల మధ్య తేడా చుట్లలోనూ అయస్కాంతంలోనూ ఉందని తేలాక, మరి ఆ తేడాను కావాలనే ఎందుకు చేయకూడదన్న ప్రశ్న వచ్చి తీరుతుంది.

ఆ ప్రశ్న న్యూయార్క్‌లో గిటార్లు రిపేరు చేసే లారీ డిమార్జియోకు వచ్చింది. అప్పటి వాల్వు ఆంప్లిఫయర్లను బాగా పెంచి వాయిస్తే తప్ప స్వరం చిట్లి, గరగరలాడి, సాగేది కాదు. అంత మోత చిన్న హాల్లో కుదరదు. ఆంప్లిఫయర్‌ను కదపకుండా, దానికి వెళ్లే సంకేతాన్నే పెంచితే? ఆల్నికో తీసేసి అంతకన్నా బలమైన సిరామిక్ అయస్కాంతం పెట్టాడు, చుట్లు బాగా పెంచాడు, రెండు చుట్టలకూ సర్దుకోగల మరలు ఇచ్చాడు. పీఏఎఫ్ నిరోధం సుమారు 7 నుంచి 9 కిలో ఓమ్‌లు ఉంటే దీనిది 13 దాటింది. 1972లో వచ్చిన ఈ పికప్ పేరు సూపర్ డిస్టార్షన్. పేరు చూసి పికప్పే స్వరాన్ని చిట్లగొడుతుందని అనుకుంటారు గానీ, అది ఆంప్లిఫయర్‌లోని మొదటి వాల్వును మోయలేనంత సంకేతంతో తోస్తుంది, చిట్లేది అక్కడ. ‘కిస్’ బృందంలో ఏస్ ఫ్రేలీ వాడటంతో పేరు మోగిపోయింది. కొన్నేళ్లలోనే డీన్, బీసీ రిచ్ లాంటి గిటార్ కంపెనీలు డిమార్జియోవే కొని బిగించడం మొదలెట్టాయి.

ఇంకొకాయన దారి వేరు. న్యూజెర్సీ కుర్రాడు సేమూర్ డంకన్ తన టెలికాస్టర్ గిటార్ పికప్ పాడైతే గ్రామఫోన్ ప్లేయర్ పళ్లెం మీద పెట్టి మళ్లీ చుట్టుకున్నాడు. పళ్లెం నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. ఎనిమిది వేల చుట్లనుకుంటే నాలుగు గంటలు. తీగ మందం మిల్లీమీటరులో పదహారో వంతు, వేలు కాస్త బిగిస్తే పుటుక్కున తెగుతుంది. బోరు మోటారు కాలిపోతే మన ఊళ్లలో వైండింగ్ షాపువాళ్లు చేసేదీ ఇదే పని, కాకపోతే ఇక్కడ తీగను కళ్లతో కాక వేళ్లతో చూడాలి. ఆ వేళ్ల ఓపికే డంకన్‌ను లండన్ చేర్చింది. అక్కడ ఫెండర్ సౌండ్‌హౌస్‌లో రిపేర్లు చేస్తూ, పాడైన రెండు పాత హంబకర్లను మళ్లీ చుట్టి, ఒక టెలికాస్టర్‌లో పెట్టి గిటారిస్టు జెఫ్ బెక్‌కు ఇచ్చాడు. 1975లో వచ్చిన ‘బ్లో బై బ్లో’ రికార్డులో బెక్ ఆ గిటార్ వాయించాడు. మరుసటి ఏడాది డంకన్, క్యాతీ కార్టర్ కలిసి కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో కంపెనీ పెట్టారు. డిమార్జియో కొత్త స్వరం కోసం పాతదాన్ని దాటి వెళ్లాడు, డంకన్ పాతదాన్ని అర్థం చేసుకుని తిరిగి చేశాడు. నా మనసు డంకన్ వైపే మొగ్గుతుంది.

గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ కొత్త పికప్ కొనలేదు, కావలసిన గిటార్‌ను తానే చేసుకున్నాడు. గిబ్సన్ నుంచి పీకిన పీఏఎఫ్‌ను ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ ఆకారపు చెక్కలో బిగించాడు. మోత పెంచితే వదులు చుట్లు కంపించి కీచుమంటున్నాయని పికప్‌ను కరిగిన మైనంలో ముంచాడు. వేడి మించితే లోపలి ప్లాస్టిక్ వంగిపోతుంది, అలా కొన్ని పాడయ్యాయి కూడా. నిలిచినదాని స్వరం 1978లో ‘వాన్ హాలెన్’ రికార్డులో వినొచ్చు. ఆ పికప్ ఏటవాలుగా ఉంటుంది, అందం కోసం కాదు. ఫెండర్ రకం బ్రిడ్జిలో తీగల మధ్య దూరం గిబ్సన్‌లో కన్నా ఎక్కువ, వంచితే మరలు తీగల కిందికి వస్తాయి. తర్వాత కంపెనీలు ఆ దూరానికి సరిపడే వెడల్పు పికప్‌లే చేసి అమ్మాయి. ఇప్పటికీ కొనేముందు కొలిచి చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు నిరోధం అంకె చూస్తారు. ఆ ఒక్క అంకెను నమ్మొద్దు. తీగ సన్నబడినా నిరోధం పెరుగుతుంది, చుట్లు పెరగనక్కర్లేదు. చుట్లు పెరిగితే బలం వస్తుంది గానీ పై మెరుపు తగ్గుతుంది. బలమే అన్నీ కాదనడానికి మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చాలు. మామూలు మాండొలిన్ తీగ మీటగానే స్వరం ఆరిపోతుంది, గమకం సాగేలోపే అయిపోతుంది. ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో పికప్ ఆ ఆరిపోయే చివరనూ అందుకుని వినిపించింది కాబట్టే అంత పొడుగు గమకాలు పలికాయి. అక్కడ కావలసింది గరగర కాదు, సన్నటి కదలికను జార్చుకోని స్పష్టత. కొత్తది కొనేముందు ఉన్న పికప్ ఎత్తు తగ్గించి, పెంచి ఓసారి వినండి, సగం అసంతృప్తి అక్కడే తీరిపోవచ్చు.

మార్చే రోజున పాత వైర్లు ఎక్కడెక్కడ అతికి ఉన్నాయో ఫోటో తీసుకోవాలి. సింగిల్ కాయిల్ తీసి హంబకర్ పెడితే వాల్యూమ్ కంట్రోల్ కూడా 250 కిలో ఓమ్‌ల నుంచి 500కు మార్చాలి, లేకపోతే స్వరం దుప్పటి కప్పినట్టవుతుంది. నాలుగు వైర్ల హంబకర్లలో రంగుల లెక్క కంపెనీకో తీరు. డంకన్‌లో నలుపు స్వరం తెచ్చేది, ఎరుపు, తెలుపు కలిపి అతకాలి. డిమార్జియోలో ఎరుపు స్వరం తెచ్చేది, నలుపు, తెలుపు కలపాలి. రెండింటిలోనూ ఆకుపచ్చ, బోడి వైరు గ్రౌండుకు. టంకం పెట్టాక మూత బిగించేముందు గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి, స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో పికప్ మీద మెల్లగా తట్టాలి. స్విచ్ ఏ పికప్ మీద ఉందో అదే టక్కుమనాలి.

రెండు పికప్‌లూ కలిపి వాయించినప్పుడు స్వరం పలచబడి ముక్కుతో పలికినట్టుంటే ఒకటి ఎదురు దిశలో ఉన్నట్టు. గిటారిస్టు పీటర్ గ్రీన్ లెస్ పాల్‌లో ఒక అయస్కాంతం తిరగబడి సరిగ్గా ఇలాగే పలికింది, ఆయన దాన్నే తన గొంతుగా నిలుపుకున్నాడు. మీకు అది వద్దనుకుంటే, నాలుగు వైర్ల పికప్‌లో స్వరం వైరునూ ఆకుపచ్చ వైరునూ అటుదిటు మార్చితే సరిపోతుంది, బోడి వైరు గ్రౌండు మీదే ఉండాలి. పైన లోహపు అల్లిక చుట్టిన ఒంటి వైరు పాత రకానికి ఆ వీలు లేదు. అడుగు పలక మరలు వదులు చేసి, అయస్కాంతాన్ని బయటికి జరిపి, తిరగేసి పెట్టాలి.