సాల్మొనెల్లా - పేగుల రక్షణ వ్యవస్థ

సాల్మొనెల్లా కలుషితమైన ఆహారం, నీటి ద్వారా పేగుల్లోకి చేరే బ్యాక్టీరియా. ఇందులో టైఫీ అనే రకం టైఫాయిడ్ జ్వరాన్ని తెస్తుంది. టైఫీమ్యూరియం వంటివి విరేచనాలు కలిగిస్తాయి. పేగు గోడ తనను తాను ఎలా కాపాడుకుంటుందన్న విషయంలో నేడు తెలిసిన ఎన్నో సంగతులు ఈ బ్యాక్టీరియా మీద జరిగిన పరిశోధనల్లోనే బయటపడ్డాయి.

1677లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కాన్రాడ్ పేయర్ చిన్నపేగు గోడలో గుంపులుగా ఉండే గడ్డలను వర్ణించి, వాటిని రసాలు ఊరే గ్రంథులుగా భావించాడు. అవి రోగనిరోధక కణాల స్థావరాలని తరవాతెప్పుడో గాని తేలలేదు. 1829లో పారిస్ వైద్యుడు పియేర్ లూయీ టైఫాయిడ్‌తో మరణించినవారి పేగులను పరిశీలించాడు. పుండ్లు ఈ పేయర్ గుంపుల మీదే కనిపించాయి. 1880లో కార్ల్ ఎబర్ట్ రోగుల కణజాలంలో టైఫాయిడ్ బ్యాక్టీరియాను చూశాడు. 1884లో గియోర్గ్ గాఫ్కీ దాన్ని ప్రయోగశాలలో పెంచాడు. అయినా కాపలా గట్టిగా ఉన్న చోటే దెబ్బ ఎందుకు తగులుతోందో అంతుపట్టలేదు.

దీనికి జవాబు 1974 తరవాత దొరికింది. ఆ ఏడాది ఓవెన్, జోన్స్ పేయర్ గుంపుల పైపొరలో ఉండే 'ఎం' కణాలకు ఆ పేరు పెట్టారు. పేగులో ఏముందో కాస్త లోపలికి తీసుకుని, కింద ఉన్న రోగనిరోధక కణాలకు అందించడం వీటి పని. ఎలుకల్లో సాల్మొనెల్లా ఈ కణాల గుండానే చొరబడుతోందని 1994లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. శత్రువును పసిగట్టడానికి తెరిచిన కిటికీయే శత్రువుకు దారి అయింది.

చొరబాటుకు కావలసిన జన్యువులను 1989లో గలాన్, కర్టిస్ గుర్తించారు. ఈ బ్యాక్టీరియా ఒంటిమీద సూదుల్లాంటి నిర్మాణాలుంటాయి. పేగు కణాన్ని తాకగానే వాటి గుండా తన ప్రొటీన్లను ఆ కణంలోకి ఎక్కిస్తుంది. దాంతో కణం పైపొర అలలా లేచి బ్యాక్టీరియాను తనలోకి లాక్కుంటుంది.

పేగులో స్థిరంగా ఉండే బ్యాక్టీరియా కూడా రక్షణలో భాగమే. 1954లో బోన్‌హాఫ్, డ్రేక్, మిల్లర్ వాటిని చంపే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఎలుకలకు ఇచ్చి చూస్తే, అంతకుముందు లక్ష దాకా కావలసిన చోట కొద్దిపాటి సాల్మొనెల్లాతోనే ఇన్ఫెక్షన్ వచ్చింది.

అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది 2010లో ఆండ్రియాస్ బోయమ్లర్ బృందం ప్రకటించిన ఫలితం. టైఫీమ్యూరియం రాగానే పేగు వాచి, తెల్ల రక్తకణాలు పోగై ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు వదులుతాయి. ఇవి సూక్ష్మజీవులను చంపడానికే. కానీ పేగులో ఉండే గంధక పదార్థాన్ని అవి టెట్రాథయోనేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ లేని చోట సాల్మొనెల్లా దానితో శ్వాసిస్తుంది, పొరుగు బ్యాక్టీరియాలో చాలావాటికి అది చేతకాదు. అలా వాపు తెచ్చిన పోటీలో అదే గెలుస్తుంది. మల నమూనాల్లో సాల్మొనెల్లాను వెతకడానికి ప్రయోగశాలలు 1923 నుంచి వాడుతున్న ద్రావణంలో ఉన్నదీ ఈ టెట్రాథయోనేటే. అది ఎందుకు పనిచేస్తోందో అప్పటికి దాదాపు తొంభై ఏళ్లకు అర్థమైంది.

టైఫీ తీరు వేరు. 1934లో ఫెలిక్స్, పిట్ వర్ణించిన 'వీఐ' అనే చక్కెర పొర దాని ఒంటిని కప్పి ఉంచుతుంది. బ్యాక్టీరియాను గుర్తుపట్టే గ్రాహకాలకు అది దొరక్కుండా చేసి, పేగు వాపును తగ్గిస్తుంది. అందుకే టైఫాయిడ్‌లో మొదట విరేచనాలు ఉండకపోవచ్చు. జ్వరం కనిపించేసరికి బ్యాక్టీరియా కాలేయానికీ, ప్లీహానికీ చేరి ఉంటుంది.

ఆ పొరనే టీకాగానూ మలిచారు. చక్కెర ఒక్కటే ఇస్తే రెండేళ్లలోపు పిల్లల్లో సరైన స్పందన రాదు. ధనుర్వాతం టాక్సాయిడ్ ప్రొటీన్‌తో జతచేస్తే వస్తుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఇలాంటి టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది. ఆరు నెలల పసివాళ్లకూ దాన్ని వేయవచ్చు. 2019లో పాకిస్తాన్ దాన్ని జాతీయ టీకాల కార్యక్రమంలో చేర్చిన తొలి దేశమైంది.