శరణార్థుల ఆరోగ్య బీమా (అమెరికా)

సొంత దేశంలో ఉండలేక అమెరికా చేరినవారికి తొలి నెలల్లో వైద్య ఖర్చులు గడిచేందుకు ఉన్న ఏర్పాట్లను కలిపి శరణార్థుల ఆరోగ్య బీమా అంటారు. పేరు ఒకటే అయినా ఇది ఒకే పథకం కాదు. పేదలకు ప్రభుత్వం నడిపే మెడికెయిడ్, పిల్లలకు విడిగా ఉన్న చిప్, ఈ రెంటిలోనూ చోటు దొరకనివారికి శరణార్థి వైద్య సహాయం (ఆర్ఎంఏ), 2014 నుంచి ప్రభుత్వ బీమా అంగడి అయిన మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ మీద కొనుక్కునే పాలసీ, ఉద్యోగం దొరికాక కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ ఇందులోకి వస్తాయి.

తెలుగువారికి తెలిసిన ఆరోగ్యశ్రీతో మెడికెయిడ్‌ను కొంతవరకు పోల్చవచ్చు. కార్డు చూపిస్తే బిల్లు ప్రభుత్వానికి వెళుతుంది. ఆరోగ్యశ్రీ జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుంది. మెడికెయిడ్ మామూలు జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లినా, మందుల షాపులో బిళ్లలు తీసుకున్నా పనిచేస్తుంది. డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్ వేరే సంగతి. అది ప్రైవేటు సరుకు, పాత జబ్బుల దగ్గరికి వచ్చేసరికి చాలావరకు చేతులెత్తేస్తుంది.

పేర్లు

1942లో బర్మా నుంచి తరలివచ్చినవారిని తెలుగునాట కాందిశీకులు అన్నారు. 'ఏ దిక్కుకు పోవాలి' అనే అర్థమున్న సంస్కృత మాట నుంచి వచ్చిన ఈ పేరు పారిపోయి వచ్చినవాడి స్థితిని చక్కగా పట్టిస్తుంది. అమెరికా చట్టం మాత్రం వచ్చినవారిని ఏ కాగితం మీద వచ్చారన్నదాన్ని బట్టి విడదీస్తుంది. విదేశంలోనే పరిశీలన పూర్తిచేసుకుని వచ్చినవారు రెఫ్యూజీలు. దేశంలో అడుగుపెట్టాక ఆశ్రయం కోరి పొందినవారు అసైలీలు. హడావుడిగా విమానమెక్కించి తెచ్చినవారు ఎక్కువగా పరోలీలు. పరోల్ అనగానే మనకు జైలు గుర్తొస్తుంది గానీ ఇక్కడ దాని అర్థం వీసా లేకపోయినా తాత్కాలికంగా ఉండనివ్వడమే. ఒకే ఊరి నుంచి ఒకే వారంలో వచ్చిన అన్నదమ్ములిద్దరికి, కాగితాలు వేరైతే, వైద్యపు హక్కులూ వేరు కావచ్చు.

1975కు ముందు

1718లో లండన్‌లో ఫ్రెంచి ప్రొటెస్టెంటు శరణార్థుల కోసం వెలసిన ఆసుపత్రి మొదలుకొని రెండో ప్రపంచయుద్ధం దాకా ఈ బరువు ప్రధానంగా చర్చీలు, దాతలు, తోటి వలసదారుల సంఘాల మీదే ఉంది. అమెరికాలో 1948 నాటి నిర్వాసితుల చట్టం కింద, వచ్చేవాడు ప్రభుత్వానికి భారం కాడని స్పాన్సరు హామీ ఇవ్వాలి. 1956 తిరుగుబాటు తర్వాత వచ్చిన దాదాపు 38 వేల మంది హంగేరియన్లలో అత్యధికులు న్యూజెర్సీలోని క్యాంప్ కిల్మర్ మీదుగా వెళ్లారు.

ప్రభుత్వం నేరుగా చెయ్యి వేసింది విప్లవం తర్వాత పారిపోయి వచ్చిన క్యూబన్ల విషయంలో. 1960 డిసెంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మయామీలో కేంద్రం తెరిపించారు. 1961లో కొత్త అధ్యక్షుడు కెన్నెడీ దాన్ని పూర్తి కార్యక్రమంగా మార్చారు. 1962లో దానికి చట్టం వచ్చింది. మయామీలోని ఫ్రీడమ్ టవర్‌లో పేర్ల నమోదుతో పాటు ప్రాథమిక వైద్యం, పంటి వైద్యం కూడా అందేవి.

1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో మెడికెయిడ్ పుట్టింది. అది పేదలందరికీ కాదు. పిల్లలున్న పేద కుటుంబాలు, ముసలివారు, అంధులు, వికలాంగులు అంటూ గళ్లు గీసి, ఏదో ఒక గడిలో ఇమిడినవారికే ఇచ్చారు. పిల్లలు లేని, ఒంట్లో సత్తువ ఉన్న ఒంటరి మనిషికి ఏ గడీ లేదు. శరణార్థుల బీమా చరిత్రలో చాలా భాగం ఆ ఒంటరి మనిషి చుట్టూ తిరిగిందే.

ఇండోచైనా కాలం, 1975–1991

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమైంది. దాదాపు లక్షా ముప్పై వేల మంది, ఎక్కువమంది గ్వామ్ ద్వీపం మీదుగా, అమెరికా చేరారు. కాలిఫోర్నియాలో క్యాంప్ పెండిల్టన్, ఆర్కన్సాలో ఫోర్ట్ చాఫీ, ఫ్లోరిడాలో ఎగ్లిన్ వైమానిక స్థావరం, పెన్సిల్వేనియాలో ఫోర్ట్ ఇండియన్‌టౌన్ గ్యాప్ అనే నాలుగు సైనిక శిబిరాల్లో వారిని దించారు. ఈ పనికి సారథ్యం వహించిన జూలియా టాఫ్ట్ వయసు అప్పటికి 32 ఏళ్లు. స్పాన్సరు దొరికినవారే శిబిరం గేటు దాటేవారు. స్పాన్సర్లలో చాలామంది చిన్న ఊళ్ల చర్చీలవారు. ఇల్లు చూపించగలరు, బియ్యం పోయించగలరు, కానీ ఒక్క ఆపరేషన్ బిల్లు వచ్చిందంటే వారూ మునుగుతారు. మే 23న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన ఇండోచైనా సహాయ చట్టం ఈ చిక్కును సూటిగా విప్పింది. శరణార్థులకు రాష్ట్రాలు పెట్టే వైద్య ఖర్చును కేంద్రమే తిరిగి చెల్లించింది. ఆదాయం లేకపోతే చాలు, గడుల లెక్క చూడలేదు. రెండేళ్లలో ముగించాలనుకున్న ఆ సాయాన్ని పొడిగిస్తూ 1980 దాకా లాక్కొచ్చారు.

అప్పటికి సముద్రం మీద పడవల్లో పారిపోయేవారు పెరిగారు. ప్రతిసారీ కొత్త చట్టం చేసుకోవడం మాని శాశ్వత పద్ధతి ఒకటి పెట్టాలని సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ, ప్రతినిధుల సభలో ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ పట్టుబట్టారు. సెనేట్‌లో 85–0తో నెగ్గిన బిల్లు 1980 మార్చి 17న కార్టర్ సంతకంతో శరణార్థుల చట్టమైంది. పునరావాస కార్యాలయం (ఓఆర్ఆర్) దీని సంతానమే. మెడికెయిడ్ గడుల్లో పట్టేవారికి మెడికెయిడ్, పట్టనివారికి ఆర్ఎంఏ: ఈ విభజన ఎంతో ఆలోచించి చేసినది. రెండింటి ప్రయోజనాలూ దాదాపు ఒకటే. ఆర్ఎంఏ మొదలయ్యాక ఉద్యోగం దొరికి జీతం వచ్చినా గడువు తీరేదాకా కార్డు తీసెయ్యరు. సంపాదన వల్ల మెడికెయిడ్ పోయినవారికి మిగిలిన నెలలకు ఆర్ఎంఏ దక్కుతుంది. పనిలో చేరితే మందులు ఆగిపోతాయన్న భయం లేకుండా చేసిన ఈ నిబంధన ఆ చట్టపు అమలులో మెచ్చదగ్గ అంశం.

చట్టం 36 నెలల దాకా సాయానికి వీలిచ్చింది, నిధులుంటే అన్న షరతుతో. ఆ షరతే తర్వాతి చరిత్ర. ఆ ఒక్క 1980 ఆర్థిక సంవత్సరంలోనే 2 లక్షల 7 వేల మంది శరణార్థులు వచ్చారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా క్యూబాలోని మారియెల్ రేవు నుంచి మరో లక్షా పాతిక వేల మంది దిగారు. వీరు చట్టప్రకారం రెఫ్యూజీలు కారు. అదే ఏడాది మరో చట్టంతో క్యూబన్, హైతీ ప్రవేశితులకూ అవే సాయాలు వర్తింపజేశారు. 1982లో ఆర్ఎంఏ గడువు 18 నెలలైంది, 1988లో 12, 1991 అక్టోబరుకు 8. రాష్ట్రాల మెడికెయిడ్ వాటాను కేంద్రం తిరిగి చెల్లించే కాలం కూడా 36 నెలల నుంచి మెట్టుమెట్టుగా దిగి 1990ల ఆరంభానికి సున్నా అయింది. చట్టం పుస్తకంలో మాత్రం 36 అంకె ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

1984 నాటి విల్సన్–ఫిష్ సవరణ రాష్ట్రాలకు బదులు స్వచ్ఛంద సంస్థలు ఈ సాయాన్ని నడిపే దారి తెరిచింది. కార్డు ఒక్కటే చాలదని తెలిసింది కూడా ఈ కాలంలోనే. 1980లలో కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో లావోస్ కొండజాతి మోంగ్‌లకు చెందిన ఒక పసిపాప మూర్ఛ వైద్యం భాష తెలియక ఎలా అడ్డం తిరిగిందో ఆన్ ఫాడిమన్ 1997లో పుస్తకంగా రాశారు. అది తర్వాత వైద్య కళాశాలల్లో పాఠ్యమైంది.

1991–2021

ఎనిమిది నెలల గడువు ముప్పై ఏళ్లు కదలలేదు. 1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ సంస్కరణ చాలామంది వలసదారులకు మెడికెయిడ్ రాకుండా ఐదేళ్ల అడ్డుగోడ కట్టి, శరణార్థులను మినహాయించింది. 2009 చివర్లో వచ్చిన చట్టం అమెరికా తరఫున పనిచేసిన ఇరాకీ, అఫ్గాన్ ప్రత్యేక వీసాదారులను శరణార్థులతో సమం చేసింది.

2010 నాటి ఆరోగ్య బీమా చట్టం గడులను చెరిపేసి ఆదాయం ఒక్కటే చూడమంది. 2012లో సుప్రీంకోర్టు ఆ మార్పును రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. 2014 నుంచి, ఆ మార్పుకు ఒప్పుకున్న కాలిఫోర్నియాలో దిగిన పేద ఒంటరి శరణార్థికి ఎనిమిది నెలల లెక్కతో పని లేకుండా మెడికెయిడ్ వచ్చింది. ఒప్పుకోని టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో దిగిన అతని స్నేహితుడికి ఆర్ఎంఏ, అది ముగిశాక ఆదాయం దారిద్ర్య రేఖకు దిగువనే ఉంటే మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కూడా లేదు. 2017 జనవరిలో టెక్సస్ పునరావాస కార్యక్రమం నుంచే తప్పుకోగా ఆ పనిని లాభాపేక్ష లేని సంస్థలు తీసుకున్నాయి.

కాబూల్, కీవ్ తర్వాత

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ చేతికి చిక్కింది. అమెరికా చేరిన 76 వేలకు పైగా అఫ్గాన్లలో ఎక్కువమంది పరోలీలు, అంటే 1996 గోడకు అవతలివారు. విస్కాన్సిన్‌లోని ఫోర్ట్ మెకాయ్ మొదలైన ఎనిమిది సైనిక స్థావరాల్లో వారిని ఉంచారు. సెప్టెంబరు 10న తట్టు కేసులు బయటపడి విమానాలు ఆగాయి. అందరికీ టీకాలు వేసి, 21 రోజులు ఆగాకే బయటికి పంపారు. సెప్టెంబరు 30న కాంగ్రెస్ చేసిన చట్టంతో వారికి శరణార్థులతో సమానంగా మెడికెయిడ్, ఆర్ఎంఏ దక్కాయి. రష్యా యుద్ధం వల్ల వచ్చిన ఉక్రెయిన్ పరోలీలకు ఇదే పని 2022 మే 21 నాటి చట్టం చేసింది. ఆ మార్చిలోనే ఓఆర్ఆర్ ఆర్ఎంఏ గడువును 12 నెలలకు పెంచి, 2021 అక్టోబరు 1 నుంచి అర్హత పొందినవారికి వర్తింపజేసింది.

2025 జనవరిలో శరణార్థుల రాకనే నిలిపేశారు. మే 5 నుంచి ఆర్ఎంఏ నాలుగు నెలలకు తగ్గింది. 1980 తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు. జులై 4 నాటి చట్టం ప్రకారం 2026 అక్టోబరు 1 నుంచి శరణార్థులు, అసైలీలు గ్రీన్‌కార్డు వచ్చేదాకా మెడికెయిడ్‌కు అర్హులు కారు. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీకి ఇలాంటి ఆంక్షే 2027 జనవరి నుంచి.

ఆచరణ

విమానాశ్రయంలో శరణార్థి కుటుంబాన్ని గుర్తుపట్టడం తేలిక. పెద్దవాళ్లలో ఒకరి చేతిలో అంతర్జాతీయ వలస సంస్థ అక్షరాలున్న ప్లాస్టిక్ సంచి ఉంటుంది. బయల్దేరే ముందు చేసిన వైద్య పరీక్షల కాగితాలు, ఒకప్పుడైతే ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము కూడా, అందులోనే. వచ్చిన 90 రోజుల్లోపు ఇక్కడ మరోసారి పరీక్ష చేయాలన్నది పద్ధతి. క్షయ, రక్తంలో సీసం, కడుపులో పురుగులు, టీకాలు చూస్తారు.

రెఫ్యూజీకి ఆర్ఎంఏ గడియారం దిగిన రోజునే మొదలవుతుంది, అసైలీకి ఆశ్రయం మంజూరైన రోజున. మెడికెయిడ్ దరఖాస్తు తేల్చడానికి రాష్ట్రానికి 45 రోజుల వ్యవధి ఉంది. నాలుగు నెలల గడువులో ఆ ఆలస్యం ఎంత కోస్తుందో లెక్క కట్టుకోవచ్చు. పుట్టిన తేదీ రాసిపెట్టే అలవాటు లేని చోట్ల నుంచి వచ్చినవారికి కాగితాల్లో జనవరి 1 వేసేస్తారు. ఇంట్లో నలుగురికీ అదే పుట్టినరోజు పడితే కంప్యూటర్లో ఎవరు ఎవరో తేల్చుకోవడానికి గుమాస్తా తంటాలు పడాలి. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న అఫ్గాన్ల పేరు ముందు ఎఫ్ఎన్‌యూ, అంటే 'మొదటి పేరు తెలియదు', అని పడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా రాయించుకోని తెలుగు విద్యార్థులకూ వీసా మీద ఈ మూడక్షరాల పరిచయం ఉంది.

ఇతర దేశాలు

కెనడా 1957 నుంచి తాత్కాలిక ఫెడరల్ ఆరోగ్య కార్యక్రమం నడుపుతోంది. 2012లో దానికి కోత పెట్టగా, 2014 జులైలో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఆన్ మెక్టావిష్ అది క్రూరమని తీర్పిచ్చారు; 2016 ఏప్రిల్‌లో పూర్తిగా పునరుద్ధరించారు. జర్మనీలో 1993 చట్టం ఆశ్రయం కోరేవారికి తొలి దశలో ప్రధానంగా తీవ్రమైన జబ్బు, నొప్పి ఉన్నప్పుడే వైద్యం ఇస్తుంది. ఇరాన్ 2015 నుంచి అఫ్గాన్ శరణార్థులను ప్రజా ఆరోగ్య బీమాలో చేర్చుకుంటోంది.

1951 శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. ఇక్కడి టిబెటన్లు ధర్మశాలలోని తమ పాలనా వ్యవస్థ ద్వారా 2012లో సొంత వైద్య బీమా పథకం మొదలుపెట్టుకున్నారు. తమిళనాడు శిబిరాల్లోని శ్రీలంక తమిళులకు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంలో ఆదాయ పరిమితి లేకుండా చోటుంది.